జోకు సరే, ఆ డబ్బా అక్కడ పెట్టిందెవలు?

టెక్నాలజీ వార్త ఏది వచ్చినా మన పోరగాండ్లు ఏసే పాత జోకు ఒకటుంది: మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ దేనికి పనికొస్తదంటే, క్రోమ్ దించుకోనీకె! నేను గూడ నవ్విన. కానీ ఈ జోకు కోర్టు దాక పోయిన సంగతి ఎంతమందికి ఎరుక?

2021ల యూరోపియన్ యూనియన్ కోర్టు ముంగట గూగుల్ వకీలు ఇసొంటి మాటే జెప్పిండు. బింగ్‌ల జనం అన్నిటికంటె ఎక్కువ వెతికేది 'గూగుల్' అనేనట. అంటే జనమే మమ్మల్ని కోరుకుంటున్నరు, మేం బలవంతం జేస్తలేం అని వాదన.

మరి అంత ఇష్టమే ఉంటె పైసలెందుకు పంచుడు? ఐఫోన్ బ్రౌజర్‌ల ముందుగాల తనే ఉండాలని 2022ల ఆపిల్‌కు గూగుల్ 2,000 కోట్ల డాలర్లు కట్టింది. ఆండ్రాయిడ్ ఫోన్లు జేసేటోళ్లకేమో ప్లే స్టోర్ కావాలంటే మా సెర్చ్, మా క్రోమ్ పెట్టాల్సిందేనని షరతు వెట్టింది. అదే కోర్టు 2022ల 412.5 కోట్ల యూరోల జరిమానా ఖాయం జేసింది. 2024 ఆగస్టుల అమెరికా జడ్జి అమిత్ మెహతా గూడ, సెర్చ్‌ల గూగుల్ గుత్తాధిపత్యం చట్టం దప్పి నిలవెట్టుకున్నదని తీర్పిచ్చిండు.

అట్లని మైక్రోసాఫ్ట్‌ను సుద్దపూస అనుకునేరు. విండోస్‌కు తన బ్రౌజర్ అంటగట్టిందని 1998ల అమెరికా సర్కారు దాన్నీ కోర్టుకీడ్చింది. ఇయ్యాల మన హైదరాబాద్ బిడ్డ సత్య నాదెళ్ల నడుపుతున్నడని అది మన కంపెనీ అయిపోదు.

పత్తి ధరైనా, కొలువు నోటిఫికేషన్ అయినా మన కండ్లకు ముందుగాల ఏది కనవడాలెనో ఆ వెతుకుడు డబ్బానే తేలుస్తది. జోకులు ఏసుకోండ్రి తమ్మీ, చెల్లే. గని ఫోన్ కొన్ననాడే సెట్టింగులు తెరిచి, అండ్ల మీరు అడగకుంటనే కూసున్నదెవలో చూడుండ్రి.