వెనుకకు మరలిన నావ

గత డిసెంబరు మాసమున మా విద్యార్థులు పండ్రెండుగురు కాకినాడ అఖాతములో శని, ఆదివారములు నావాయాత్ర చేయ బయలుదేరి, శనివారము మధ్యాహ్నమునకే మరలి వచ్చిరి. దీనినిగూర్చి తలిదండ్రులలో రెండు విధములగు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. బడిపిల్లలకు సముద్రయాత్ర యేల యని కొందరు. చినుకైనను పడని దినమున నావను సగములో మరలించి సొమ్ము వ్యర్థము చేసిరని మరికొందరు. మొదటి ఆక్షేపణకు సమాధానము సులభము. రెండవదియే మమ్ము ఎక్కువగా బాధించినది.

పగటివేళ నేల నీటికంటె త్వరగా వేడెక్కుటచే గాలి సముద్రమునుండి వీచుననియు, రాత్రివేళ నేల త్వరగా చల్లారుటచే గాలి నేలనుండి వీచుననియు మన పిల్లలందరును పరీక్షలో తప్పులేక వ్రాయుదురు. ఆ గాలి ఏ జాముననుండి వీచునో చెప్పుమన్న మిన్నకుందురు. తెల్లవారుజామున నాలుగు గంటలకు జగన్నాథపురపు ఉప్పుటేటి ఒడ్డున, వీపునకు చల్లగా తగులు నేలగాలియే తెరచాపను నింపి నావను తూర్పునకు కొనిపోవుట చూచిన పిల్లవాడు ఆ పాఠమును మరచునా? ఇంజనులేని నావను వెదకి వెదకి కుదుర్చుకొనుటకు కారణ మిదియే. ఇంజను చప్పుడులో గాలిని ఎవరు గమనింతురు?

చూడదగినదియు ఆ అఖాతమున కొల్లలుగా కలదు. గోదావరి తెచ్చిన ఇసుకతో రెండువందల యేండ్లకు కొంచె మెక్కువ కాలములో ఏర్పడిన హోప్ దీవి, సుమారు 16 కిలోమీటర్ల పొడవున అడ్డముగ నిలిచి కాకినాడ తీరమును అలలనుండి కాపాడుచున్నది. దక్షిణమున కోరంగి మడ అడవులు. వానిని 1978లో అభయారణ్యముగ ప్రకటించిరి. ఒకప్పుడు ఓడలు కట్టిన ఆ కోరంగి రేవు పేరనే బర్మావారు తెలుగువారిని కోరంగీలని పిలిచెడివారు. 1839 నవంబరునందలి తుపాను ఆ రేవును ధ్వంసము చేసెను. ఇదంతయు మన గుమ్మము ముందరి చరిత్ర.

ఇక మరలి వచ్చిన సంగతి. అఖాతము సగము దాటునప్పటికి నేలగాలి పడిపోయెను. ఆకాశము నిర్మలముగనే యున్నది. అయినను ఉత్తరపు వైపునుండి, అఖాతపు నోటిగుండ, బారుగా నున్నటి అలలు ఒకదానివెనుక నొకటి వచ్చుచుండెను. సరంగు కొంతసేపు వానినే చూచి చుక్కాని మళ్లించెను. దీవి కనబడుచున్నదిగదా యని పిల్లలు బతిమాలిరి. "ఈ నీళ్ల వాటం నాకు నచ్చలేదు బాబూ" అని మాత్రము పలికి తెరచాప దింపి అందరిచేతను తెడ్లు వేయించెను. సాయంకాలమునకు వాన లేదు, గాలి లేదు. రాత్రి నక్షత్రములు తేటగా కనబడెను. వాతావరణశాఖవారు సైత మా దినమున హెచ్చరిక నీయలేదు. పిల్లలు నవ్వుకొనిరి; తలిదండ్రులు నవ్వలేదు.

గాలి లేనిచోట అల వచ్చుచున్నదన్న, ఎచటనో దూరమున గాలి బలముగ వీచినదన్నమాట. ఆ గాలి ఇటు వచ్చునా, సముద్రముమీదనే అణగునా అనునది ఆ గడియలో ఎవరికిని తెలియదు. లోతు తక్కువైన అఖాతములో అలలు పొట్టివై నిటారుగ లేచును. చిన్న నావకు అవి మిక్కిలి ప్రమాదకరములు. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో వేయిమందికి పైగా చనిపోయిరి. సముద్రముమీద చిక్కుకొనిన జాలరు లందు పెక్కురు. మా సరంగు ఆ యేట పదునారేండ్ల బాలుడు. ఆతడు ఆ అలలను చూచు చూపు వేరు.

వాన రాలేదు గనుక సరంగు పొరబడెనని యనుట న్యాయము కాదు. ఊహించి వ్రాసిన లెక్కకు జవాబు సరిపోయినంతమాత్రమున మేము పూర్తి మార్కు లిత్తుమా? చేసిన విధానమును చూతుము. సరంగు ఎరిగినదానిని బట్టి చేసినది సరియైనది. ఆ పిమ్మట తుపాను వచ్చెనా రాలేదా అనునది వేరు మాట. 2019 సెప్టెంబరు 15న వరదలోనున్న గోదావరిలో కచ్చులూరువద్ద విహారపు పడవ మునిగి ఏబదిమంది వరకు మరణించిరి. ఆ దినమున ఎవరైన పడవను సగములో మరలించియుండిన, ఆ ప్రయాణికులును సొమ్ము వ్యర్థమైనదని సణుగుకొనుచు ఇండ్లకు చేరియుందురు.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు యాత్రకు ముందు పాఠము సిద్ధపరచుకొనవలెనని నేర్పిరి. సిద్ధపరచిన పాఠమును నీటిమీద వదలివేయుట యెట్లో నేర్పలేదు. అక్షరములు రాని యొక సరంగు దానిని పిల్లల యెదుట చేసి చూపెను. యజమానుల కొడుకులు, అధికారుల కొడుకులు బతిమాలుచుండగా వద్దనుటకు ఆతనికి ఎంత గుండె కావలసియుండెనో మనము తలచుకొనవలెను. ఒక తండ్రి కూలి సొమ్ములో కొంత తగ్గించుకొమ్మని ఆతనికి కబురంపెనని వింటిమి. ఇది మిగుల విచారకరము. ఆ విధముగ సరంగునకు జరిమానా వేసినచో, వచ్చు మారు ఆతడు మరలడు. అప్పుడు తెడ్లు పట్టువారు మన పిల్లలే.

యాత్ర మరల ఫిబ్రవరిలో జరుగును. అందరికిని లైఫ్ జాకెట్లు ఉండును. ఈత రానివారిని తీసికొనిపోము. ఆదివారపు ఆరాధన ఒడ్డుననే జరుపుకొందుము. తలిదండ్రులు సంతకము చేయవలసిన కాగితములో ఈ మారు ఒక వాక్యము చేర్చితిమి: నావను మరలించు విషయమున సరంగు మాటయే తుదిమాట, మరలినను కూలి పూర్తిగ చెల్లును. దానిని అంగీకరింపనివారు దయయుంచి పిల్లలను ఇంటివద్దనే ఉంచుకొనవచ్చును.