ట్రిగ్గర్ నొక్కితే ‘టిక్’మంది... ఇప్పుడేం చేయాలి?

“మామా, పది రౌండ్లు కొడితే మూడుసార్లు ఇరుక్కుపోతోంది రా. ఈ గన్ను తిరిగిచ్చేయనా?”

డల్లాస్ నుంచి వీడియోతో పాటు వచ్చిన వాట్సాప్ మెసేజ్ ఇది. పంపింది మా జగ్గయ్యపేటవాడే, బీటెక్‌లో నా బెంచ్‌మేట్. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక పాయింట్ టూటూ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొన్నాడు. నేను హైదరాబాద్‌లో వీకెండ్ రేంజికెళ్లి .22 పిస్టల్ కొడతానని తెలుసు కాబట్టి నాకు పెట్టాడు. ప్రొడక్షన్‌లో బగ్ వస్తే అర్ధరాత్రి ఫోన్ చేసే క్లయింటు కూడా ఇంత కంగారు పడడు.

సరిగ్గా అదే వారం నందిగామ నుంచి మా బాబాయి కూతురు ఫోన్. డిగ్రీ చదువుతోంది, ఎన్‌సీసీ క్యాంపుకెళ్లొచ్చింది. “అన్నయ్యా, నా రైఫిల్ టిక్‌మంది కానీ పేలలేదు. బోల్ట్ లాగబోతే ఉస్తాద్ అంత గట్టిగా అరిచాడేంటి?”

ముందు చెల్లి ప్రశ్న చూద్దాం. వాడిది జామ్ అయిన గోల, దీనిది కన్ను పోయే వ్యవహారం.

.22 తూటా మిగతావాటిలా కాదు. పెద్ద తూటాలకి వెనక మధ్యలో చిన్న ప్రైమర్ బిళ్ల ఉంటుంది. దీనికి అది ఉండదు. ఖోకా అడుగున చుట్టూ ఉన్న అంచు లోపలే పేలే మందు పూసి ఉంటుంది. పిన్ను వచ్చి ఆ అంచుని నొక్కుతుంది, మందు అంటుకుంటుంది. అందుకే దీన్ని రిమ్‌ఫైర్ అన్నారు. ఇప్పుడు మనం వాడే .22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నాటిది. చవక, చప్పుడు తక్కువ, భుజానికి దెబ్బ ఉండదు. కానీ ఆ అంచులో మందు అన్నిచోట్లా సమానంగా పరుచుకోకపోతే, పిన్ను సరిగ్గా ఖాళీచోట కొడితే, టిక్‌మని ఊరుకుంటుంది.

ఊరుకుంటే ఫర్వాలేదు. అరుదుగా కొంచెం ఆలస్యంగా పేలుతుంది, దాన్ని హ్యాంగ్‌ఫైర్ అంటారు. ఆ క్షణంలో బోల్ట్ తెరిచి ఉందనుకోండి, పల్చటి ఇత్తడి ఖోకా ఛాంబర్ బయట చీలి ముక్కలై మొహం మీదికి వస్తుంది. అందుకే టిక్‌మంటే బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీంచి తీసి, కనీసం 30 సెకన్లు ఆగాలి. క్యాంపులో అయితే చెయ్యెత్తాలి, అంతే. ఉస్తాద్ అరిచింది అందుకే. ఇంకోటి: ‘ఠాప్’ అనాల్సింది ‘ఫుస్’ అంటే, బుల్లెట్ బ్యారెల్లోనే ఆగిపోయి ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి పేల్చకూడదు. ఆరోజుకి ఆ గన్ను పక్కన పెట్టేయాల్సిందే.

ఈ చెయ్యెత్తే పద్ధతికి అంతర్జాతీయ పోటీల్లో కూడా పాయింట్లున్నాయి. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023 హాంగ్జౌ ఏషియాడ్‌లో వ్యక్తిగత రజతం, టీమ్ స్వర్ణం గెలిచిన 25 మీటర్ల పిస్టల్ ఈవెంట్ కూడా సెమీ ఆటోమేటిక్ .22తోనే ఆడతారు. ర్యాపిడ్ స్టేజిలో ఒక్కో షాట్‌కి 3 సెకన్లే. మధ్యలో జామ్ అయితే పిస్టల్ అలాగే టార్గెట్ వైపు పట్టుకుని రెండో చెయ్యి ఎత్తాలి. అధికారి వచ్చి తప్పు తుపాకీది లేదా తూటాది అని తేలిస్తే మళ్లీ అవకాశం ఇస్తారు. మనమే ముందు కెలికామా, ఆ షాట్లు పోయినట్టే.

ఇక డల్లాస్‌వాడి సంగతి. వీడియోలో ఖాళీ ఖోకా పూర్తిగా బయటికి పడకుండా బోల్ట్‌లో ఇరుక్కుని పొగగొట్టంలా నిలబడి ఉంది. దీన్ని స్టవ్‌పైప్ అంటారు. .22 సెమీ ఆటోల్లో బోల్ట్‌కి సాధారణంగా తాళం ఉండదు. తూటా పేలినప్పుడు ఖోకా వెనక్కి తన్నే బలంతోనే బోల్ట్ వెనక్కెళ్లాలి, ఖోకాని విసరాలి, స్ప్రింగ్ దాన్ని ముందుకు తోస్తే వచ్చేదారిలో ఇంకో తూటాని తీసుకెళ్లాలి. ఇంత పనీ ఒక్క బుడ్డ తూటా బలం మీదే. అది నీరసంగా ఉంటే బోల్ట్ సగం దూరమే వెళ్లి తిరిగొచ్చేస్తుంది. వాడినవేంటి అని అడిగితే, పక్కింటివాళ్లకి చప్పుడు వినపడకూడదని సబ్‌సోనిక్ తూటాలు కొన్నాడట! అవి సెకనుకు సుమారు 320 మీటర్లు, హై వెలాసిటీవి 370 పైన. మార్చి చూడమన్నా. స్టవ్‌పైప్ ఆగింది. కానీ మూడో నాలుగో రౌండ్ మాత్రం ముక్కు కిందికి దిగబడి ఆగుతూనే ఉంది.

ఒకేసారి రెండు మార్చకూడదని కోడ్ రాసేవాళ్లకి చెప్పాలా? తూటాలు అవే ఉంచి, మేగజైన్ల మీద మార్కర్‌తో 1, 2 అని రాయమన్నా. జామ్ అయిన ప్రతిసారీ రెండో నంబరే. ఫీడింగ్ సమస్యల్లో నేను ముందు అనుమానించేది మేగజైన్‌నే, గన్నుని కాదు. .22కి అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది కదా, మేగజైన్‌లో పైతూటా అంచు కిందతూటా అంచుకి ముందు ఉండాలి. వెనక పడితే ఒకదాన్నొకటి పట్టుకుని కదలవు. 1964లో వచ్చిన రూగర్ 10/22కి 10 తూటాల గుండ్రటి మేగజైన్ పెట్టి ఒక్కోదాన్నీ విడిగా కూర్చోబెట్టింది ఈ అంచుల గొడవ తప్పించడానికే. వాడి రెండో మేగజైన్ పెదవి కాస్త వంగి ఉంది. పడేసి కొత్తది కొన్నాడు.

మేగజైన్ కాదు, తూటా కాదు అంటే అప్పుడు మురికి. .22 బుల్లెట్‌కి మైనం పూత, కింద సీసం, వెనక పొగమసి. అన్నీ కలిసి ఛాంబర్లో గట్టిపడితే కొత్త తూటా పూర్తిగా కూర్చోదు, పాతది ఊడిరాదు. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద అయితే మరీను. క్యాంపులో చిందీ, పుల్‌త్రూ ఇచ్చి తుడిపించేది శిక్ష కాదమ్మా! ఇంకా ఆడట్లేదని ఆయిల్ మీద ఆయిల్ పోసేవాళ్లున్నారు. మే నెలలో చిల్లకల్లు హైవే మీద, సిమెంటు లారీల వెనక బండి నడిపినవాళ్లకి తెలుసు, ఆయిల్ ఎక్కువైన చైన్ సాయంత్రానికి ఏమవుతుందో. ఇక్కడా అంతే. తుడిచాక కనపడీ కనపడనంత చాలు. ఖాళీ గన్నుని ఊరికే టిక్కు టిక్కుమనిపించడం కూడా మానాలి. కొన్ని మోడళ్లలో పిన్ను నేరుగా ఛాంబర్ అంచునే కొట్టి గంటు పెడుతుంది. తర్వాత ప్రతి తూటా అక్కడ తట్టుకుంటుంది. ప్రాక్టీసుకి ప్లాస్టిక్ డమ్మీలు దొరుకుతాయి.

ఈ వీడియోలు చూసి అమెరికాలో వెంటనే కొనేయాలనుకునే హెచ్‌1బీ తమ్ముళ్లకి ఒక మాట. హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా ఆ వీసా మీద తుపాకీ, తూటాలు దగ్గరుంచుకోవడం అక్కడ ఫెడరల్ నేరం. గ్రీన్‌కార్డువాళ్ల లెక్క వేరు. మన దగ్గర సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మామూలు లైసెన్సుకి రాదు. లైసెన్సున్న గన్ను ఏదైనా పాడైతే, నందిగామలో తెలిసిన లేత్ మిషన్ షాపు ఉంది కదా, స్ప్రింగ్ కాస్త కోయిద్దాం, ర్యాంప్ కాస్త అరగదీయిద్దాం అనుకోవద్దు. ఆయుధ చట్టం 1959 సెక్షన్ 5 ప్రకారం తుపాకీ రిపేరు చేయడానికి కూడా లైసెన్సు ఉండాలి. కేసు మీ ఒక్కరి మీదే కాదు, పాపం ఆ షాపాయన మీద కూడా పడుతుంది. మేగజైన్ మార్చారు, తూటాలు మార్చారు, తుడిచారు, అయినా ఆగుతోందంటే, లైసెన్సున్న గన్ డీలర్ దగ్గరికే తీసుకెళ్లాలి.