పేళ్ల నిల్వ వర్తకము

అంతర్జాలమున డాట్ కామ్ పేరొకటి కొని దాచినవాడు ఆ పేరుననే డాట్ ఇన్ గూడ కొనియుంచుట వివేకమని వర్తకులు కొందఱు బోధించుచున్నారు. వారి సంచికి వివేకమే కావచ్చును. ఒక యూర చింతతోపు కొన్నంతమాత్రమున పొరుగూరి తోపుగూడ చెందునా? డాట్ ఇన్ భారతదేశమునకు కేటాయింపబడిన గుర్తు. 2005లో ద్వారము తెఱచినది మొదలు ఏ దేశస్థుడైనను ముందు వచ్చి కొనవచ్చును. కెనడా, ఆస్ట్రేలియాలు తమ గుర్తులను కోరువారికి దేశసంబంధమును విధించినవి. మనకా పట్టుదల లేకపోయెను! వివాదపరిష్కార విధానము లేదా యందురు. పేరుపై హక్కు ఋజువుచేయగలవానికే యది యక్కఱకు వచ్చును. “చేనేత” వంటి సామాన్యపదమును కోరు మంగళగిరి నేతగాని కేమి యొరగబెట్టును? రెండు పేళ్లతోను నిజముగా వర్తకము సాగించువాడు రెంటిని నుంచుకొనుగాక. తాను వాడక, ఒరుల వాడనీయక, బేరమునకై పట్టియుంచువానికి గడువు తీరగానే పేరు తిరిగి యీయరాదని నిక్సి సంస్థ నిబంధన చేయవలెను.