చూడకుండానే రాసిన విమర్శ

1994 డిసెంబరులో నాట్య విమర్శకురాలు ఆర్లీన్ క్రోచే ‘న్యూయార్కర్’ పత్రికలో ఒక ప్రదర్శన మీద సుదీర్ఘ వ్యాసం రాశారు. దాన్ని తాను చూడలేదనీ, సమీక్షించే ఉద్దేశమూ లేదనీ మొదట్లోనే చెప్పేశారు. ఆ ప్రదర్శన బిల్ టి. జోన్స్ రూపొందించిన ‘స్టిల్/హియర్’. ముప్పై ఏళ్లు దాటినా ఆ వ్యాసం రేపిన తగువు తెగలేదు.

జోన్స్ సహచరుడు ఆర్నీ జేన్ 1988లో ఎయిడ్స్‌తో చనిపోయాడు. జోన్స్‌కూ హెచ్ఐవీ ఉంది. ఆయన ఊరూరా తిరిగి, ప్రాణాంతకమైన జబ్బులతో ఉన్నవాళ్లను కూడగట్టి మాట్లాడించాడు. మీ బతుకును కాగితం మీద గీతగా గీయండన్నాడు. ఆ గీత ఎలా పోతే అలా గదిలో నడవమన్నాడు, చావుదాకా. మనసులో ఉన్నది ఒక్క కదలికలో చూపించమన్నాడు. నాట్యం ఆ కదలికల్లోంచే పుట్టింది.

వేదిక మీద ఆడేది జోన్స్ బృందంలోని నర్తకులు. జబ్బుపడ్డవాళ్ల ముఖాలు గ్రెచెన్ బెండర్ వీడియోలో, తెరల మీద కనిపిస్తాయి. వాళ్ల మాటలకు కెనెత్ ఫ్రేజెల్ కట్టిన బాణీని ఒడెట్టా పాడింది. రెండో భాగానికి వెర్నన్ రీడ్ సంగీతం.

చావుకు దగ్గరైన మనిషిని ఎదురుగా నిలబెట్టి, కళ ఎలా ఉందో చెప్పమంటే జాలిపడటం తప్ప ఏం చేస్తామన్నది క్రోచే వాదన. కొట్టిపారేయదగ్గది కాదు. స్మారక సంచికకు వచ్చిన నాసిరకం కవితను తిప్పి పంపడానికి ఏ సంపాదకుడికి చెయ్యాడుతుంది?

కానీ ఆమె వాదన వీడియోకు తగిలినట్టు నాట్యానికి తగలదు. తెర మీద బాధపడే ముఖం కనిపిస్తే ఎవరికైనా గుండె కరుగుతుంది, దానికి పెద్ద కళ అక్కర్లేదు. ఆ మనిషి చేతి కదలికను మరొకరి ఒళ్లు అందుకుని, లయకు కట్టుకుని, మళ్లీ మళ్లీ ఆడినప్పుడు మాత్రం దాన్ని మెచ్చుకోవచ్చు, తప్పుపట్టనూవచ్చు. హరిశ్చంద్ర కాటిసీనులో జాషువా పద్యాలకు వన్స్‌మోర్ కొట్టిన మనవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. శ్మశానంలో వన్స్‌మోరేమిటని ఎవరూ నొచ్చుకోలేదు. రాగం సరిగా పలక్కపోతే మాత్రం ఊరుకోలేదు.

ఇప్పటి సంస్మరణ సభల్లో వీడియో ఒక్కటే మిగిలింది. ఎల్‌ఈడీ తెర మీద ఫొటోలు, వెనక ఏదో సినిమా విషాదగీతం. తెరా, సౌండ్ బాక్సులూ అద్దెకు దొరుకుతాయి. పోయినవాళ్ల మనుషుల పక్కన నాలుగు రోజులు కూర్చుని, వాళ్ల మాటకు బాణీ కట్టే ఓపిక ఉన్నవాళ్లను పిలుద్దామన్న ఆలోచన నిర్వాహకులకు రావడమే అరుదు.