రిపోర్టులోంచి ‘క్యాన్సర్’ అన్న మాట తీసేశారు!

ల్యాబ్ రిపోర్టు చివర ఓ మూల చిన్న సంతకం ఉంటుంది, చూశారా? దాని కింద ‘పాథాలజిస్ట్’ అని ఉంటుంది. ఆ డాక్టర్ని మనం దాదాపు ఎప్పుడూ చూడం. కానీ ఆపరేషన్‌లో తీసిన గడ్డ క్యాన్సరా, కాదా అని తేల్చేది ఆ సంతకమే. ఆ తర్వాతే సర్జన్ అయినా, క్యాన్సర్ డాక్టర్ అయినా అడుగు ముందుకేసేది.

మరి ఆ రిపోర్టులో ఏ జబ్బుకు ఏ పేరు రాయాలో ఎవరు చెబుతారు? ఎవరికి తోచింది వాళ్లు రాస్తే కుదరదు కదా. ఇక్కడే పాథాలజిస్టుల సంఘాల పని మొదలవుతుంది. సంఘం అంటే ఏడాదికో మీటింగ్, ఓ బ్యాగు, భోజనం, గ్రూప్ ఫొటో అనుకుంటాం. కానీ అలాంటి ఓ సంఘం పూనుకుని ఒక జబ్బు పేరులోంచి క్యాన్సర్ అన్న మాటనే తీయించేసింది.

పేరుతోనే వచ్చిన చిక్కు

థైరాయిడ్‌లో వచ్చే ఒక రకం గడ్డ ఉంది. దాని కణాల కేంద్రకాలు మైక్రోస్కోప్ కింద అచ్చం పాపిల్లరీ క్యాన్సర్ కణాల్లాగే కనిపిస్తాయి. కానీ గడ్డ మాత్రం తన హద్దు దాటదు. చుట్టూ ఉన్న పొరను చీల్చుకుని బయటికి రాదు. అయినా కేంద్రకాల తీరు చూసి దాన్ని క్యాన్సర్ కిందే లెక్కేసేవాళ్లు.

ఆ ఒక్క మాటతో కథ మారిపోయేది. సగం గ్రంథి తీస్తే సరిపోయే చోట మొత్తం తీసేయడం, ఆపైన రేడియో అయోడిన్, జీవితాంతం మాత్రలు, చెకప్‌లు. ఇంట్లో వాళ్ల భయం సంగతి చెప్పనక్కర్లేదు.

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పాథాలజిస్టుగా ఉన్న యూరీ నికిఫొరోవ్‌కి ఓ పేషెంట్ విషయంలో ఇదే ఎదురైంది. గడ్డ ప్రమాదకరమైంది కాదు, ఇంకేం చెయ్యక్కర్లేదని ఆయన అన్నారు. సర్జన్ మాత్రం మార్గదర్శకాల ప్రకారం మిగతా గ్రంథి కూడా తీయాల్సిందేనన్నారు. సర్జన్‌ది తప్పనలేం. రిపోర్టులో క్యాన్సర్ అని ఉన్నాక ఎవరు మాత్రం వదిలేస్తారు? పోనీ, ఒక్క పాథాలజిస్టు సొంతంగా పేరు మార్చి రాస్తే? అది పొరపాటు కింద లెక్క. పేరు మారాలంటే అందరూ కలిసి మార్చాలి.

24 మంది, 7 దేశాలు

ఎండోక్రైన్ పాథాలజీ సొసైటీ అండతో 7 దేశాల నుంచి 24 మంది పాథాలజిస్టులు ఒక జట్టుగా కూర్చున్నారు. పాత కేసుల స్లైడ్లు తిరగేశారు. ఏది ఈ రకం, ఏది కాదు అన్నదానికి ముందు ఒక కొలత పెట్టుకున్నారు. అలా హద్దు దాటని గడ్డలున్న 109 మందిని తేల్చి, వాళ్లు ఎలా ఉన్నారో చూశారు. అప్పటికి ఆపరేషన్ అయ్యి 10 నుంచి 26 ఏళ్లు. అందరూ బతికే ఉన్నారు. ఒక్కరిలోనూ జబ్బు తిరగబెట్టలేదు. వాళ్లలో 67 మందికి సగం గ్రంథే తీశారు, రేడియో అయోడిన్ ఎవరికీ ఇవ్వలేదు. హద్దు దాటిన గడ్డలున్న వాళ్లలో మాత్రం 12 శాతం మందికి ఇబ్బందులు వచ్చాయి.

2016 ఏప్రిల్‌లో ఈ లెక్కలు ప్రచురించి, కొత్త పేరు పెట్టారు. పొడుగాటి పేరే, పొట్టిగా ‘ఎన్.ఐ.ఎఫ్.టి.పి.’ అంటారు. అందులో క్యాన్సర్ అన్న మాట లేదు! 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలోనూ ఈ పేరు చేరింది. ప్రపంచవ్యాప్తంగా ఏటా 45 వేల మందికి పైగా దీనివల్ల మేలని ఆ జట్టు అంచనా.

అక్కడితో చేతులు దులుపుకోలేదు. 2018లో నిబంధనల్ని ఇంకా బిగించారు, అసలు క్యాన్సర్ ఏదీ ఈ పేరు చాటున తప్పించుకోకూడదని. మాట తీయడం ఎంత ముఖ్యమో, తీయకూడని చోట ఉంచడమూ అంతే ముఖ్యం.

మనకేంటి?

మన దేశంలోనూ ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాథాలజిస్ట్స్ అండ్ మైక్రోబయాలజిస్ట్స్ ఉంది. సొంత జర్నల్ నడుపుతుంది, సదస్సులు పెడుతుంది. ఎక్కడో మారిన నిబంధన మన ఊరి ల్యాబ్ దాకా చేరేది ఇలాంటి దారుల్లోనే.

మీ ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ గడ్డ తీశారా? ఈ మూడూ గుర్తుంచుకోండి.

• థైరాయిడ్ క్యాన్సర్లన్నీ ఇలా మెత్తనివి కావు. ఇది ఒక్క రకం సంగతి మాత్రమే.

• సూది పరీక్షతో ఇది తేలదు. గడ్డ మొత్తం తీసి, దాని అంచంతా మైక్రోస్కోప్ కింద చూశాకే చెప్పగలరు.

• రిపోర్టు అర్థం కాకపోతే “గడ్డ హద్దు దాటిందా, లేదా?” అని డాక్టర్ని అడగండి. అనుమానం తీరకపోతే స్లైడ్లు, బ్లాకులు తీసుకుని మరో పాథాలజిస్టుకి చూపించొచ్చు. అలా అడిగితే ఎవర్నీ అవమానించినట్టు కాదు. ఆ 24 మంది చేసింది కూడా అదే: పాత స్లైడ్‌ని ఇంకోసారి చూడటం.