పోస్టర్ మీద పేరు లేనివాళ్ళు

సర్కస్ అనగానే అందరికీ జోకరో, ఏనుగో, ఉయ్యాల మీంచి ఉయ్యాల మీదకి ఎగిరే అమ్మాయో గుర్తొస్తారు. నాకు మాత్రం ఈమధ్య డిప్లాయ్‌మెంట్ గుర్తొస్తోంది. వృత్తిదోషం, ఏం చేస్తాం! పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్ సర్కస్‌ల గురించి చదవడం మొదలెట్టాక నాకు అర్థమైందేవిటంటే, డేరా లోపల జరిగే ఆట కంటే, ఆ డేరాని రాత్రికి రాత్రి ఊడదీసి తెల్లారేసరికి ఇంకో ఊళ్ళో నిలబెట్టడమే పెద్ద సర్కస్. ఆ పని చేసిందెవరు, పేరు కొట్టేసిందెవరు అన్నదే నా గొడవంతా.

మొదట్లో అమెరికాలో సర్కస్‌కి కాళ్ళు లేవు. 1793లో జాన్ బిల్ రికెట్స్ అనే గుర్రపు స్వారీ ఆయన ఫిలడెల్ఫియాలో కట్టడం కట్టి ఆట మొదలెట్టాడు. సాక్షాత్తూ జార్జ్ వాషింగ్టనే వచ్చి చూశాడు. బానే ఉంది గానీ, ఊళ్ళో ఉన్నవాళ్ళంతా చూసేశాక ఏం చెయ్యాలి? మళ్ళీ ఇంకో ఊరెళ్ళి ఇంకో కట్టడం కట్టాలి. పైగా చెక్క కట్టడాలు, అగ్గి అంటుకుంటే అంతే. 1799లో రికెట్స్‌ది అలాగే కాలిపోయింది. 1825లో జాషువా పర్డీ బ్రౌన్ అనే ఆయన డేరా గుడ్డ కింద ఆట ఆడించాడు. ఇంత చిన్న ఆలోచన రావడానికి ముప్ఫయ్యేళ్ళకి పైగా పట్టింది చూడండి. ఇక అక్కణ్ణుంచి సర్కస్‌కి కాళ్ళొచ్చాయి.

(అన్నట్టు, అమెరికా గడ్డ మీద అడుగుపెట్టిన మొదటి ఏనుగు 1796లో కలకత్తా నుంచి ఓడెక్కి వెళ్ళింది. మన దేశం నుంచి వీసా స్టాంపింగ్ లేకుండా ఆన్‌సైట్ వెళ్ళిన అదృష్టవంతురాలు. అదృష్టమో కాదో దాన్నే అడగాలి.)

రైళ్ళు రాకముందు గుర్రబ్బళ్ళ మీదే ప్రయాణం. రాత్రి ఆట అయ్యాక బయల్దేరి బురదలో, చీకట్లో పదీ పదిహేను మైళ్ళు వెళ్ళి, పొద్దున్నే ఊరేగింపు, మధ్యాహ్నం ఆట, రాత్రి ఆట, మళ్ళీ ప్రయాణం. వీటికి 'మడ్ షో'లని పేరే ఉంది. బళ్ళు తోలేవాడు నిద్రమత్తులో జోగుతుంటే దారి ఎలా తెలుస్తుంది? ముందు గుర్రమ్మీద వెళ్ళేవాడు, రోడ్డు చీలిన చోటల్లా పక్క పొలం కంచెలోంచి ఓ కర్ర పీకి, వెళ్ళకూడని దారికి అడ్డంగా పడేసేవాడు. వెనక వచ్చేవాళ్ళు రెండో దారి పట్టేవాళ్ళు. ఇంతకంటే చవకైన రౌటింగ్ ప్రోటోకాల్ నేనెక్కడా చూళ్ళేదు. పొద్దున్నే లేచి కంచెకి కన్నం చూసుకున్న రైతు ఏమనుకునేవాడో మాత్రం ఎవరూ రాసినట్టు లేదు.

తర్వాత రైళ్ళొచ్చాయి. 1856లో స్పాల్డింగ్, రోజర్స్ అనే భాగస్వాములు రైలు మీద సర్కస్ తిప్పారు. కానీ అప్పటి రైలు కంపెనీలు ఎవడి గేజి వాడిదే. ఒకడి పట్టాల మీద నడిచే పెట్టె ఇంకోడి పట్టాలకి సరిపడదు. దక్షిణాది రాష్ట్రాలు మిగతా దేశంతో గేజి కలుపుకున్నది 1886లో! కంపాటిబిలిటీ గొడవలు మనతోనే మొదలయ్యాయనుకునేవాళ్ళు ఇది చదవాలి.

ఈ కథలో నా హీరో డబ్ల్యూ. సి. కూప్. 1871లో ఈయనా, డాన్ కాస్టెలో కలిసి, అరవయ్యేళ్ళ పి. టి. బార్నమ్‌ని ఒప్పించి ఆయన పేరుతో సర్కస్ పెట్టారు. 1872లో కూప్ దాన్ని రైలెక్కించాడు. రైలు కంపెనీలిచ్చే బోగీలు ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి. అందుకని అన్నీ ఒకే ఎత్తున్న పెట్టెలు సొంతంగా చేయించాడు. పెట్టెకీ పెట్టెకీ మధ్య ఇనప పలకలు వేసి, చివర ఒక వాలుబల్ల పెట్టి, బళ్ళని రైలు పొడుగునా ఒకదాని వెనక ఒకటి దొర్లించి ఎక్కించేవారు. అక్కడ దిగ్గానే ఏది ముందు కావాలో లెక్క చూసుకుని ఎక్కించాలి. వంట డేరా అన్నిటికంటే ముందు లేవాలి, ఎందుకంటే తిండి లేకపోతే పెద్ద డేరా లేపేవాడుండడు. ఒక్క బండి వరస తప్పితే ఆ రోజు ఆట గోవిందా. తర్వాత 1897-1902 మధ్య బార్నమ్ అండ్ బెయిలీ సర్కస్ ఐరోపా వెళ్ళినప్పుడు, జర్మన్ సైన్యాధికారులు వచ్చి ఈ ఎక్కించడం దించడం నోట్సు రాసుకున్నారంటారు.

మరి పేరు? రైలు ఆలోచన తనదేనన్నట్టు బార్నమ్ ఆత్మకథలో రాసుకున్నాడు. కాదు, నాదేనని కూప్ తన జ్ఞాపకాల్లో రాశాడు. ఆ పుస్తకం కూప్ పోయిన ఆరేళ్ళకి, 1901లో వచ్చింది. ఎవరిది చెల్లుబాటయిందో వేరే చెప్పక్కర్లేదు. రిలీజ్ అయ్యాక మెయిల్లో ఎవరి పేరుంటుందో మనకి తెలీదా :)

సరే, కూప్‌కి కనీసం పుస్తకమన్నా మిగిలింది. నాకు బార్నమ్‌తో అసలు పేచీ వేరే ఉంది. మార్కెటింగ్ ట్రైనింగుల్లో ఇప్పటికీ ఆయన్ని దేవుణ్ణి చేస్తారు. ఆ దేవుడి మొదటి ప్రదర్శన ఏంటో ఎవరూ చెప్పరు. 1835లో జాయిస్ హెత్ అనే బానిస ముసలావిడని, ఈమె వయసు 161 ఏళ్ళు, చిన్నప్పుడు జార్జ్ వాషింగ్టన్‌ని పెంచింది అని చెప్పి ఊరూరా చూపించాడు. మర్నాడు సంవత్సరం ఆవిడ పోతే, శవపరీక్షకి కూడా మనిషికి 50 సెంట్లు టిక్కెట్టు పెట్టాడు. ఆవిడకి మహా అయితే ఎనభై ఏళ్ళుంటాయని డాక్టరు తేల్చాడు.

ఏభై ఏళ్ళ తర్వాత కూడా మనిషి మారలేదు. 1884లో ప్రపంచ జాతులన్నిటినీ చూపిస్తానని ఒక సంత పెట్టాడు. అందులో మన నీలగిరుల తోడాలున్నారు, జూలూలున్నారు, ఆస్ట్రేలియా ఆదిమవాసులున్నారు. ఈ ఆస్ట్రేలియా వాళ్ళని 1883లో ఒక ఏజెంటు ఎత్తుకొచ్చాడు. వాళ్ళలో టాంబో అని పేరు పెట్టిన ఒకతను 1884 మొదట్లోనే క్లీవ్‌లాండ్‌లో చనిపోయాడు. అతని శరీరాన్ని పాడవకుండా చేసి అక్కడే ఒక మ్యూజియంలో బొమ్మలా పెట్టారు. 1993లో ఒక శవాగారం సెల్లార్లో దొరికితే, 1994లో పామ్ ఐలాండ్‌కి తీసుకెళ్ళి సొంతవాళ్ళు మట్టి చేశారు. నూటపదేళ్ళు!

డేరా గుంజలు దిగ్గొట్టే కూలీల సంగతి ఇంకో రకం. జీతంలో కొంత పట్టి ఉంచుకుని సీజన్ ఆఖర్న ఇస్తామనేవారు. మధ్యలో వెళ్ళిపోతే అది పోయినట్టే. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి బాండ్లు రాసిన మావాళ్ళకి ఈ పద్ధతి కొత్తగా అనిపించదనుకుంటా. కొన్ని చిల్లర సర్కస్‌ల్లో అయితే, ఇవ్వాల్సిన రోజు దగ్గరపడగానే రాత్రిపూట నడుస్తున్న రైల్లోంచి తోసేసేవారు. 'రెడ్ లైటింగ్' అనేవారు దాన్ని. కింద పడ్డవాడికి దూరమవుతున్న రైలు వెనక ఎర్ర దీపం కనిపించేదన్నమాట.

అప్పటి రోజులే అంత, అందరూ అలాగే చేసేవారు అంటారు కొందరు. అందరూ అలాగే చెయ్యలేదు. విస్కాన్సిన్లో గుర్రపు జీనులు కుట్టేవాడి కొడుకులు, రింగ్లింగ్ అన్నదమ్ములు, 1884లో బరబూ అనే చిన్న ఊళ్ళో సర్కస్ పెట్టారు. అప్పటికి జేబుదొంగల్నీ, మూడుముక్కలాట వాళ్ళనీ వెంట తిప్పుకుని వాటా తీసుకోవడం చాలా సర్కస్‌లకి మామూలే. వీళ్ళు అలాంటివాళ్ళని దగ్గరకి రానివ్వలేదు. 'సండే స్కూల్ షో' అని మిగతావాళ్ళు వెక్కిరించారు. ఆ సండే స్కూలే 1907లో బార్నమ్ అండ్ బెయిలీని కొనేసింది. వీళ్ళేదో మహాత్ములని నేననను, జనం మళ్ళీ వచ్చే ఏడాది కూడా రావాలన్న వ్యాపార లెక్క ఉంది. లెక్కే అనుకున్నా, ఆ లెక్క బార్నమ్‌కి రాకపోవడం కాలం తప్పు ఎలా అవుతుంది?

ఆ కలిసిన కంపెనీ 2016లో ఏనుగుల్ని పంపించేసి, 2017లో మూతబడి, 2023లో జంతువుల్లేకుండా మళ్ళీ మొదలైంది. షికాగో చుట్టుపక్కల ఉండేవాళ్ళు ఎండాకాలం పిల్లల్ని విస్కాన్సిన్ డెల్స్ వాటర్ పార్కులకి తీసుకెళ్తుంటారు కదా, బరబూ ఆ పక్కనే. రింగ్లింగుల పాత షెడ్లలోనే సర్కస్ మ్యూజియం ఉంది. పోస్టర్లుంటాయి, రంగులు వేసిన ఊరేగింపు బళ్ళుంటాయి. కుదిరితే ఆ బళ్ళ చక్రాల ఎత్తు ఓసారి చూసి, వాటిని రాత్రిపూట వానలో వాలుబల్ల మీదకి ఎక్కించడానికి ఎంతమంది కావాలో లెక్క కట్టండి.