శుభాకాంక్షల పత్రానికి తెల్లదనమే అందమా?

చేతితో తయారుచేసే గ్రీటింగు కార్డులలో అలంకరణ తగ్గాలనీ, గీతలు తక్కువగా, ఖాళీ ఎక్కువగా ఉండాలనీ హస్తకళల రంగంలో ఒక అభిప్రాయం బలపడింది. ప్రదర్శనశాలల్లోనూ, బహుమతుల దుకాణాల్లోనూ, కార్యాలయాలు కొత్త సంవత్సరానికి కార్డులు ఎంపిక చేసుకునే సందర్భాల్లోనూ ఈ మాట వినవస్తూనే ఉంటుంది. తెల్లని కాగితం, మధ్యలో ఒక చిన్న బొమ్మ, అడుగున ఒక పంక్తి. ఇంతకు మించినదంతా పాతకాలపు చాదస్తమన్నట్లు మాట్లాడటం పరిపాటి అయింది. ఈ అభిప్రాయంలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ కొంత నిజాన్ని ఆసరాగా చేసుకుని, తెలంగాణ నకాషీ చిత్రకళ వంటి కథాచిత్ర సంప్రదాయాలకు కూడా అదే కత్తెర వేయడం సమంజసం కాదు. ఏది తీసివేయదగినదో, ఏది తీసివేయరానిదో విచారించని సరళీకరణ కళాకారుని కూలికీ, చూసేవారి జ్ఞాపకానికీ ఒకేసారి నష్టం కలిగిస్తుంది.

పాండేసర చెప్పే పాఠం

ఈ వాదాన్ని పరీక్షించడానికి చేర్యాల కంటే సూరత్ నగరంలోని పాండేసర తగిన చోటు. అది రంగు అద్దకం, అచ్చు మిల్లులకు పేరుపడిన పారిశ్రామికవాడ. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి షోలాపూర్, భివండీలకు తరలిపోయినట్లే సూరత్‌కూ తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు ఉధనా, లింబాయత్, పాండేసర ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడ్డాయి. మరమగ్గాల మీద, మిల్లుల్లో, చీరల వ్యాపారానికి అనుబంధమైన చిన్న చిన్న పనుల్లో వారి జీవిక సాగుతున్నది.

స్క్రీను అచ్చులో ప్రతి రంగుకూ ఒక ప్రత్యేకమైన స్క్రీను కావాలి. ఎనిమిది రంగుల నమూనాను నాలుగు రంగులకు కుదిస్తే ఖర్చు తగ్గుతుంది. నమూనా ‘సరళమైంది’ అని అప్పుడు చెప్పుకోవచ్చు. నిజానికి సరళమైనది లెక్క. మరొకవైపు బజారు తళుకు కోరినప్పుడు అదే చీరకు రాళ్ళు, టిక్కీలు, లేసులు అంటించే పని ఇళ్ళలోని స్త్రీలకు చేరుతుంది. వారికి కూలి ముక్కకు ఇంత అని లెక్క. రంగు తగ్గించాలన్నా, తళుకు పెంచాలన్నా ఆ నిర్ణయం పనిచేసే చేతిది కాదు. అలంకరణ ‘ఎక్కువైంది’ అని ఒకరు, ‘చాలలేదు’ అని మరొకరు చెప్పినప్పుడల్లా ఆమె సంపాదన మారిపోతుంది.

గ్రీటింగు కార్డు విషయంలోనూ జరుగుతున్నది ఇదే. మెరుపుపొడి, లేసు, అంటించిన పువ్వులతో బరువెక్కిన కార్డు ఒకటి; దానిమీద విసుగుతో పుట్టిన తెల్లకార్డు మరొకటి. రెండూ వ్యాపారి అభిరుచికి రెండు ముఖాలు. మొదటిదాన్ని కాదన్నంత మాత్రాన రెండవది కళ అయిపోదు.

పటంలో అలంకరణ చేసే పని

పద్మశాలీలకు ఈ చర్చతో ఉన్న సంబంధం కేవలం వృత్తిపరమైనది కాదు. నేడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల, ఒకప్పుడు వరంగల్ జిల్లాలోనిది, అక్కడి నకాషీ చిత్రకారులు వేసిన పటాల్లో ఒక ముఖ్యమైన వర్గం పద్మశాలీల కులపురాణానిది. ఆ పటాన్ని వేలాడదీసి, ఒక్కొక్క బొమ్మనూ చూపుతూ కథ చెప్పే హక్కు కూనపులివారిది. మార్కండేయుడు, ఆయన కుమారుడైన భావనాఋషి, తామరతూళ్ళ నుంచి తీసిన నారతో దేవతలకు నేసిన తొలి వస్త్రం: ఇవన్నీ చదువురాని నేతగాడికి కూడా ఆ పటం ద్వారానే కళ్ళకు కట్టాయి.

ఖద్దరు గుడ్డకు చింతగింజల గంజి, తెల్లసుద్ద, బంక కలిపి పూతపూసి సిద్ధం చేసిన ఆ పటం సుమారు 3 అడుగుల వెడల్పుతో, ఒక్కొక్కప్పుడు 30 అడుగులకు మించిన పొడవుతో ఉండేది. దానిలోని అలంకరణ పనిలేని అలంకరణ కాదు. ఒక గడికీ మరొక గడికీ మధ్య సాగే పూలపట్టీ ఒక ఘట్టం ముగిసి మరొకటి ఆరంభమైందని చెబుతుంది. దేహవర్ణం పాత్రను గుర్తుపట్టే ఆధారం. కిరీటం, నగలు, ఆయుధం, వాహనం అన్నీ ఆ గుర్తింపుకే తోడ్పడతాయి. దీపపు వెలుగులో దూరంగా కూర్చున్న చివరి మనిషికి కూడా భావనాఋషి ఎవరో, రాక్షసుడెవరో తెలియాలి. కనుక నగలు తీసివేస్తే బొమ్మ తేలికపడదు, మూగబోతుంది.

అంతకంటె గమనించదగిన విషయం మరొకటి ఉంది. నకాషీ చిత్రంలో లోతును భ్రమింపజేసే నీడలు లేవు, దూరదృశ్యపు సూత్రాలు లేవు, మబ్బుల వర్ణవిన్యాసం లేదు. బొమ్మల వెనుక పరచుకున్నది ఎర్రని నేల. అక్కరలేనిదాన్ని వదిలివేయడం ఆ చిత్రకారునికి ఎవరో నేర్పవలసిన విద్య కాదు. తరతరాలుగా అతడు చేస్తున్నది అదే. అతని ఖాళీ ఎర్రగా ఉంది, అంతే. ఖాళీ అంటే తెల్లకాగితమేనని నిశ్చయించుకున్న కన్ను ఆ ఎర్రదనాన్ని కూడా అలంకరణ కింద జమకట్టి చెరిపివేస్తున్నది. మిగిలిన బొమ్మను ‘జానపద నమూనా’ అని పిలుస్తున్నది. పేరున్న పాత్ర పేరులేని నమూనాగా మారడం ఇక్కడే జరుగుతుంది.

తొలి కార్డు సాక్ష్యం

గ్రీటింగు కార్డు పాశ్చాత్యుల వస్తువు కనుక దాని స్వభావమే సరళత అని కొందరి వాదం. చరిత్ర ఈ వాదాన్ని బలపరచదు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ కోరగా జాన్ కాల్కాట్ హార్స్‌లీ గీసిన కార్డును తొలి క్రిస్మస్ కార్డుగా పరిగణిస్తారు. సుమారు 1000 ప్రతులు అచ్చయిన ఆ కార్డులో మూడు గడులున్నాయి. నడుమ విందు చేసుకుంటున్న కుటుంబం, ఒక పక్క అన్నదానం, మరొక పక్క వస్త్రదానం, చుట్టూ అల్లుకున్న తీగెలు. పటంలోని మూడు గడులు కోసి పక్కపక్కన పెట్టినట్లే ఉంటుంది. కథ చెప్పడం, గడులు కట్టడం గ్రీటింగు కార్డుకు పుట్టుకతో వచ్చిన లక్షణాలే.

ఇక అలంకరణను ఖండించినవారిలో ముఖ్యుడైన ఆడాల్ఫ్ లోస్ మాట. ‘అలంకరణ, నేరం’ అన్న ఆయన వ్యాసం 1913లో ఫ్రెంచి భాషలో అచ్చయింది. అలంకరణ వల్ల శ్రమ వృథా అవుతుందనీ, దాన్ని చేసే పనివాడికి తగిన వేతనం దక్కదనీ ఆయన ప్రధానమైన ఆక్షేపణ. ఆ ఆక్షేపణ తీవ్రమైనది, నేటికీ సమాధానం చెప్పవలసినది. అయితే అదే వ్యాసంలో ఆయన రైతు స్త్రీల అల్లికనూ, తన చెప్పులు కుట్టేవాని అలంకరణనూ సహిస్తానన్నాడు. వారికి జీవితంలో ఉన్న ఆనందం అదేనని కారణం చెప్పాడు. వేతనం చాలకపోతే వేతనం పెంచాలి. పని తగ్గించి, వేతనమూ తగ్గించి, ఆనందాన్నీ తీసివేయడం లోస్ వాదానికి కూడా అనుగుణం కాదు.

భారత ప్రభుత్వం కోరగా చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో సమర్పించిన నివేదికలో మన లోటాను ప్రశంసించారు. ఆ నివేదిక స్ఫూర్తితోనే 1961లో, సూరత్ ఉన్న గుజరాత్‌లోనే, అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. లోటా నిరాడంబరమైనదే. కాని ఏ ఒక్కరూ దాని అలంకరణ ఒలిచి ఆ రూపం తేలేదు. నీరు నింపే చేయి, మోసే నడుము, ఒంపే వంపు తరాల తరబడి దిద్దగా ఏర్పడిన రూపమది. సరళత వాడుకలో నుంచి రావాలి. కార్యాలయపు బల్లమీద నమూనాను ముందుంచుకుని తీసివేతలు చేస్తే వచ్చేది సరళత కాదు, కొరత.

పరిమాణం తెచ్చే చిక్కు

ఎదుటి పక్షం వాదాల్లో బలమైనది పరిమాణానికి సంబంధించినది. మూడడుగుల పటంలోని ఘట్టాన్ని అరచేతి కార్డులోకి కుదిస్తే ఏదీ కనిపించదన్నది నిజం. కాని దానికి పరిష్కారం బొమ్మలోని వివరాలు చెరిపివేయడం కాదు. ఘట్టాన్ని ఎంపిక చేయడం. ముప్పై అడుగుల కథలో ఒక్క గడి చాలు. మగ్గం ముందు కూర్చున్న భావనాఋషి ఒక్కడే చాలు. అయితే అతడు భావనాఋషిగానే ఉండాలి, ఎర్రని నేలమీదనే ఉండాలి. తీసివేయవలసినవి వేరే ఉన్నాయి. మెరుపుపొడి, ప్లాస్టిక్ రాయి, కథతో సంబంధంలేని లేసు నిస్సందేహంగా పోవచ్చు. ఏ గడి ఉంచాలో, ఏ గీత వదలాలో నకాషీ చిత్రకారుడే నిర్ణయించాలి. రంపపు పొట్టు, చింతగింజల ముద్దతో మాస్కులు, బొమ్మలు చేసి కొత్త గిరాకీకి తన విద్యను మలచుకోగలిగినవాడికి కార్డు పరిమాణం అడ్డు కాజాలదు.

కర్తవ్యం

ప్రభుత్వ శాఖలు, అకాడమీలు కార్డులు చేయించేటప్పుడు మూడు విషయాలు పాటించడం అవసరం. మొదటిది, ‘నిరాడంబరంగా ఉండాలి’ అన్న అస్పష్టమైన నిబంధనకు బదులు ఆ చిత్రం ఎవరికి, ఏ సందర్భంలో, ఏమి తెలియజేయాలో రాయాలి. రెండవది, నమూనా రూపకల్పనకు విడిగా పారితోషికం ఇవ్వాలి; గీతలు తగ్గినందుకు కూలి తగ్గించరాదు. మూడవది, కార్డు వెనుక ఆ పాత్ర పేరు, ఆ కథ రెండు వాక్యాల్లో తెలుగులో ముద్రించాలి.

మూడవ సూచన ప్రయోజనం పాండేసరలోనే తేటపడుతుంది. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక విద్యా సమితి గుజరాతీతోపాటు తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నిర్వహిస్తున్నది. అక్కడి పద్మశాలి బాలబాలికలకు కూనపులివారి కథాప్రదర్శన అందుబాటులో ఉండేది కాదు. చేర్యాల పేరు వినే అవకాశమూ స్వల్పమే. ఉగాదికి వారి చేతికి అందే ఒక కార్డుమీద భావనాఋషి ఎర్రని నేలమీద, తన మగ్గంతో, తన పేరుతో ఉంటే, తాతముత్తాతల పటంలోని ఒక గడి అయినా ఆ ఇంటికి చేరుతుంది. తెల్లకాగితం మీద పేరులేని గీతబొమ్మ ఉంటే ఆ ఇంటికి చేరేది కాగితమే.